గణపతి ఎక్కని ముప్పై రెండు శిఖరాలు

సన్మానపత్రం రాయడం అందరికీ వచ్చే విద్య కాదు. వచ్చనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు, అది వేరే సంగతి. సూరత్‌లో మా తెలుగు వికాస సమితికి ఇరవై రెండేళ్ళుగా నేనే కార్యదర్శిని, నేనే సన్మానపత్రాల రచయితని. పేరు నాగభూషణం. హజీరాలో ఒక కర్మాగారంలో స్టోర్స్ మేనేజరుగా చేసి రిటైరయ్యాను. ఉద్యోగమంతా నట్టుకీ బోల్టుకీ జవాబు చెప్పుకుంటూ గడిచింది. అందుకేనేమో, సన్మానపత్రం దగ్గరికి వచ్చేసరికి నా కలానికి కళ్ళెం ఉండేది కాదు. మొత్తం అరవై ఒకటి రాశాను. ఒక్కదాంట్లోంచి ఒక్క మాట వెనక్కి తీసుకున్న పాపాన పోలేదు.

మొన్న దీపావళి తరువాత తీసుకోవలసి వచ్చింది. ఆ సంగతే చెబుతున్నాను.

సోమవారం పొద్దున్న కాఫీ తాగుతుండగా ఫోను మోగింది. తెలియని నంబరు.

"సారూ, నేను గణపతి వాళ్ళ అమ్మను. పాండేసర లలితమ్మను. నిన్న కొండమీద మా పోరడు పడ్డడు, కాలిరిగింది. ఆపరేషన్ చేస్తమన్నరు, గిప్పుడేమో ఆగమంటున్నరు. ఉగాదికి మీరిచ్చిన కాయిదం పట్టుకొని ఏందేందో అడుగుతున్నరు. జర మీరొచ్చి చెప్పుండ్రి."

దాచుకోవడం ఎందుకు, మొదట నాకు కలిగింది సంతోషమే. నా రచన ఆసుపత్రి దాకా వెళ్ళింది, అక్కడ డాక్టర్లు చదువుతున్నారు అనుకున్నాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ బయల్దేరాను.

గణపతి ఎవరో చెప్పాలి. పాండేసరలో ఒక రంగుల మిల్లులో పనిచేస్తాడు. బట్టకు వేసిన రంగు నమూనాతో సరిపోయిందా లేదా చూసే పని. తండ్రి లస్మయ్య ముప్పై ఏళ్ళు మరమగ్గాల మధ్య నిలబడి చెవులు పోగొట్టుకున్నాడు. తల్లి ఇంట్లో కూర్చుని చీరలకు దారాలు కత్తిరిస్తుంది. పోయిన ఏడాది మా సమితి మీద ఒక నింద వచ్చింది. శాలువాలన్నీ హజీరా ఇంజనీర్లకే కప్పుతారు, మగ్గాలవాళ్ళని పట్టించుకోరని. నిజమే కాబట్టి నాకు ఒళ్ళు మండింది. వెంటనే మగ్గాలవాళ్ళలో ఒకణ్ణి వెతకమన్నాను. సెలవు రోజుల్లో తాళ్ళు కట్టుకుని కొండలెక్కే కుర్రాడు ఒకడున్నాడని ఎవరో చెప్పారు. ఫోను చేసి రెండు నిమిషాలు మాట్లాడాను. నాకు రెండు నిమిషాలు చాలు.

ఆ ఉగాదికి ముఖ్య అతిథి ఒక గుజరాతీ పెద్దమనిషి. ఆయనకు అర్థం కావాలని పత్రాన్ని ఇంగ్లీషులో కూడా నేనే రాసి, తెలుగు పక్కన అచ్చు వేయించాను. 'ముప్పై రెండు శిఖరాలను పాదాక్రాంతం చేసుకున్న ప్రొఫెషనల్ పర్వతారోహకుడు, వేలాది శిష్యులకు గురువు' అని. చివర 'వెయ్యి నూట పదహార్ల పారితోషికంతో' అని. హాలంతా చప్పట్లు. చప్పట్లు వినపడకపోయినా, చేతులు కదలడం చూసి లస్మయ్య ఏడ్చాడు.

ఆసుపత్రిలో గణపతి మంచం మీద ఉన్నాడు. మోకాలి కింద ఎముక రెండుచోట్ల విరిగిందట. కాలికి పలక కట్టి దిండ్ల మీద ఎత్తి పెట్టారు. నన్ను చూసి లేవబోయాడు.

"పండుకో నాయనా, ఎలా పడ్డావు?"

"డాంగ్ కొండల కాడ సార్. దోస్తులతోని పోయిన. తాడు మంచిగనే పట్టుకుంది, కాలు జారి బండకు కొట్టుకున్న. గంతే."

కిందికి దిగితే బీమా కాగితాలు చూసే బల్ల. అక్కడ ధర్మేశ్‌భాయ్ అని ఒకాయన. హిందీలో మర్యాదగానే మాట్లాడాడు. గణపతికి మిల్లువాళ్ళు కట్టిన ఆరోగ్య బీమా ఉంది. నిన్న రాత్రి చేరగానే దరఖాస్తు పంపారు. బీమావాళ్ళు ఆపేశారు. ఎందుకంటే అని పాలసీ కాగితం తిప్పి ఒక పేరా మీద వేలు పెట్టాడు.

"చదవండి కాకా. ప్రమాదకరమైన సాహస క్రీడల్లో ప్రొఫెషనల్‌గా పాల్గొని దెబ్బ తగిలితే వర్తించదు."

"సరదాగా ఎక్కితే?"

"సరదాకైతే ఈ పాలసీలో ఇబ్బంది లేదు. కానీ ఈయన ప్రొఫెషనల్ అని మీరే రాసిచ్చారు కదా. డబ్బు తీసుకున్నాడని కూడా రాశారు. అడుగున మీ సంతకం, సమితి ముద్ర." నా పత్రం నకలు బల్ల మీద పెట్టాడు.

"ఇది మీకెలా వచ్చింది?"

ఆయన నా వెనకాల చూశాడు. లలితమ్మ నిలబడి ఉంది. చేతిలో ఒక ప్లాస్టిక్ ఫైలు. కొడుకు పదోతరగతి మార్కుల నుంచి ఆధార్ దాకా అన్నీ అందులో దాచిందట. కాగితాలు ఇమ్మన్నప్పుడు, ఎవరూ అడగకుండానే, లామినేషన్ చేయించిన నా సన్మానపత్రాన్ని అన్నిటికీ పైన పెట్టి ఇచ్చింది.

"ఇజ్జతిస్తరనుకున్న సారూ," అంది. "మిల్లుల పనిచేసేటోడంటె ఎవడన్న లెక్కచేస్తడా? గిది చూస్తె మా పోరడు పెద్దోడని తెలుస్తదని ఇచ్చిన."

నాకు ఆమె మీద కోపం రావాలి. రాలేదు. ధర్మేశ్‌భాయ్ మీద వచ్చింది. సన్మానపత్రాన్ని ఎవరైనా సాక్ష్యంగా చదువుతారా, మా భాషలో పెళ్ళికొడుకును విష్ణుమూర్తి అని కాళ్ళు కడుగుతాం, అంతమాత్రాన అతనికి శంఖచక్రాలు ఉన్నట్టా అని గట్టిగా అడిగాను. ఆయన ఓపిగ్గా విని, ఈ ముక్క బీమావాళ్ళకు చెప్పండి కాకా, నాకు కాదు అన్నాడు. అంతలో పైనుంచి డాక్టరు కబురు. వాపు తగ్గుతోంది, బుధవారానికల్లా కడ్డీ వేయాలి, ఆలస్యమైతే ఎముక వంకరగా కుదురుకుంటుంది. బీమా రాకపోతే డబ్బు కట్టాలి. డబ్బు అంటే లలితమ్మకు ఉన్నది ఒకే గది ఇల్లు. దాన్ని అమ్ముదామని అప్పటికే పక్కింటివాళ్ళతో మాట్లాడిందని తెలిసింది.

మధ్యాహ్నం ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాను. మా ఆవిడ శారదాంబకు అంతా చెప్పాను. ఆవిడ నా సన్మానపత్రాలను ఇరవై రెండేళ్ళుగా వింటోంది, ఒక్కనాడూ బాగుందని అనలేదు.

"ముప్పై రెండు శిఖరాలని ఆ అబ్బాయి చెప్పాడా?"

"నేనే రాశాను. శ్రుతి కుదిరింది."

"శ్రుతి కుదిరింది, బాగుంది. మీ మాటలు కోటలు దాటాయి. పాపం ఆ పిల్లాడి కాలు మంచం దాటలేకపోతోంది."

"ఇప్పుడు నన్నేం చేయమంటావు?"

"అబద్ధమని రాసివ్వండి."

"అబద్ధం కాదది, అతిశయోక్తి."

"ఆ తేడా బీమావాళ్ళకు తెలియదు కదండీ. తెలియజెప్పాలంటే మీ పత్రాలన్నీ పట్టుకెళ్ళండి. అందరికీ ఇలాగే రాశారని చూస్తే నమ్ముతారు." గోడ వైపు చూసింది. "దాన్ని కూడా తీసుకెళ్ళండి."

గోడ మీద ఉన్నది నా సన్మానపత్రం. నేను రిటైరైనప్పుడు సమితి ఇచ్చింది. అధ్యక్షుడు బ్రహ్మచారి గారు సంతకం పెట్టారు. రాసింది ఎవరో నాకూ శారదాంబకూ తప్ప మూడో మనిషికి తెలియదు. అరవై ఒకటిలో అదొకటి. ఆ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పుకోలేదు, చెప్పుకునేది కాదు.

"అది తీసుకెళ్ళను," అన్నాను.

"సరే," అంది. కంచం తీసుకుని వెళ్ళిపోయింది. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆవిడ సరే అన్న ప్రతిసారీ నేనే ఓడిపోయాను. మర్నాడు పొద్దున్న కుర్చీ ఎక్కి మేకు మీంచి ఆ ఫ్రేము దించాను.

బీమా కాగితాలు తేల్చే కార్యాలయం రింగ్ రోడ్డు దగ్గర ఉంది. అక్కడి డాక్టరు పేరు మిస్త్రీ మేడమ్. నలభై ఏళ్ళుంటాయి. నేను హిందీలో ఉపన్యాసం మొదలుపెట్టాను. ఆవిడ చేయి ఎత్తి ఆపి, నా పత్రం ముందు పెట్టుకుని ఎర్ర పెన్ను తీసింది.

"ఒక్కొక్కటీ అడుగుతాను. ముప్పై రెండు శిఖరాలు ఏవి?"

"లేవు."

"ఒక్కటీ లేదా?"

నాకు తెలియదు. ఆ సంగతి అప్పుడు తట్టింది. ఆ కుర్రాడి గురించి నాకేమీ తెలియదు. ఒక్క నిమిషం అని బయటికొచ్చి, వరండాలో నిలబడి గణపతికి ఫోను చేశాను. ఈసారి ఇరవై నిమిషాలు మాట్లాడాను.

"మొత్తం ఎన్నిసార్లు ఎక్కావు నాయనా?"

"మూడు సార్లు సార్. గిది నాలుగోది. మూడిట్ల గూడ ఒక్కసారి జొరమొచ్చి కింద బ్యాగుల కాడ కూసున్న."

"శిష్యులు?"

"ఎక్కడి శిష్యులు సార్. మిల్లుల ఇద్దరికి తాడు ముడి ఎట్లెయ్యాల్నో చూపిచ్చిన."

"ఎవరైనా ఎప్పుడైనా డబ్బిచ్చారా?"

"మీరే ఇచ్చిండ్రు సార్. బస్సు కిరాయి, తాడు కిరాయి అన్ని నా జేబుల నుంచే పోతయి."

"మరి ఎందుకు పోతావు? ప్రమాదం కదా."

"వారమంత రంగుల ఆవిరిల ఉంటం సార్. నీల్లు మసులుతనే ఉంటయి. గా కొండ మీదికెక్కితె గాలొస్తది. ఊకె కూసొని గాలి పీలుస్త. గంతకు మించి ఏం లేదు."

ఉగాదికి ముందు ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే నేను రాయవలసిన పత్రం వేరు. అడగలేదు. నాకు తీరిక లేక కాదు, అవసరం అనిపించలేదు. లోపలికెళ్ళి అన్నీ చెప్పాను. మేడమ్ ఒక్కొక్క వాక్యం పక్కన ఏదో రాసుకుంది.

"మరి ఈ పారితోషికం? డబ్బు తీసుకున్నాడు కదా. అది కూడా వింత మొత్తం. వెయ్యి నూట పదహారు. రేటు ప్రకారం ఇచ్చినట్టుంది."

"రేటు కాదమ్మా. మేము శుభానికి ఇచ్చేటప్పుడు సున్నతో ఆపం. నూట పదహారు, ఐదు వందల పదహారు, వెయ్యి నూట పదహారు. పెళ్ళిలో పురోహితుడికీ అంతే, బారసాలలో పసిబిడ్డకీ అంతే. నిరుడు మా అపార్ట్‌మెంట్లో పసివాడికి ఇచ్చాను, వాడు ప్రొఫెషనల్ కాడు."

ఆవిడ మొహంలో మొదటిసారి నవ్వు కనిపించింది. "ఓహో, మా చాంద్లో లాంటిదన్నమాట. మేము నూట ఒకటి, ఐదు వందల ఒకటి ఇస్తాం. సున్నతో ఆపితే మా అమ్మ ఊరుకోదు." ఎర్ర పెన్నుతో ఆ వాక్యం కొట్టేసింది.

కానీ ఆవిడ ఇంకా పత్రం పక్కన పెట్టలేదు.

"ఇక ప్రొఫెషనల్ అన్న మాట. ఒక సంస్థ ముద్ర వేసి ఇచ్చిన కాగితం ఇది. ఇప్పుడు బీమా కోసం మాట మార్చడం లేదని నాకెలా తెలుస్తుంది?"

సంచిలోంచి ఫైలు తీసి ఇచ్చాను. అరవై ఒక్క నకళ్ళు. ఆవిడ తిరగేస్తూ పోయింది. కొన్నిటికి ఇంగ్లీషు ఉంది, మిగతావి నేనే అనువదించి చెప్పాను. వేసవిలో కొట్టు ముందు మంచినీళ్ళ కుండ పెట్టిన కనకయ్య అపర భగీరథుడు. సమితికి కుర్చీలు అద్దెకిచ్చే మొండయ్య దానకర్ణుడు. పాటల పోటీలో మూడో బహుమతి వచ్చిన అమ్మాయి గాన సరస్వతి. పదో పత్రం దగ్గర ఆవిడ నవ్వు రాకుండా పెదవి బిగబట్టింది. ఇరవయ్యో దాని దగ్గర ఆపేసింది.

"వీళ్ళందరూ నిజంగా ఇంత గొప్పవాళ్ళని మీరు అనుకోవచ్చు కదా. రాసినవాడు నమ్మి రాశాడా లేదా, అది నాకు తెలియాలి."

ఇక మిగిలింది ఫ్రేము. సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాను.

"ఇది నాది. ఇంగ్లీషు కూడా ఉంది, చదవండి."

ఆవిడ చదివింది. 'పద్నాలుగు భాషల్లో పండితుడు' అన్న దగ్గర తల ఎత్తి గుజరాతీలో గబగబా ఏదో అడిగింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఉన్నాను, ఎవరైనా ఎలా ఉన్నారని కేమ్ ఛో అంటే, బాగున్నానని మజామా అనడం తప్ప నాకు రాదు. అందుకని మజామా అన్నాను.

"మీ పేరేమిటని అడిగాను కాకా," అంది హిందీలో.

"తెలిసిందా అమ్మా. నాకు వచ్చినవి తెలుగు, ఇంగ్లీషు, ఇదిగో ఈ హిందీ. పద్నాలుగని రాసింది నేనే. నా సన్మానపత్రం నేనే రాసుకున్నాను. కింద సంతకం వేరేవాళ్ళది. నేను నమ్మి రాయలేదు. రాసినప్పుడే తెలుసు."

ఆ గదిలో ఇంకో ఇద్దరు గుమస్తాలున్నారు. వాళ్ళు తలలు దించుకుని కీబోర్డులు చూసుకుంటున్నారు. సిగ్గు అంటే ఏమిటో డెబ్బైకి దగ్గరపడ్డాక తెలిసింది. అయినా ఒక చిత్రం జరిగింది, ఆ మాట బయటికి రాగానే ఊపిరి తేలిగ్గా ఆడింది.

మేడమ్ నవ్వలేదు. ఫ్రేమును జాగ్రత్తగా నా వైపు తిప్పి పెట్టి, ఒక తెల్ల కాగితం ఇచ్చింది. "ఆ అబ్బాయి గురించి మీకు నిజంగా తెలిసింది రాసివ్వండి. ఒక్క పేజీ. మిల్లువాళ్ళతో హాజరు పట్టీ నేను తెప్పించుకుంటాను."

ఒక్క పేజీ రాయడానికి నాకు గంటన్నర పట్టింది. పత్రాలు రాసేటప్పుడు విశేషణాలు వాటంతటవే వచ్చి వరసలో నిలబడేవి. ఆ రోజు ప్రతి వాక్యం చివర చేయి దేనికోసమో వెతుక్కుంది. దొరికినదాన్నల్లా కొట్టేశాను. సంతకం చేసి ఇచ్చి, కింద చాయ్ బండి దగ్గర బల్ల మీద కూర్చున్నాను. ఇంటికి వెళ్ళాలనిపించలేదు. ఫోను చేతిలోనే పెట్టుకున్నాను.

నాలుగున్నరకు మోగింది. లలితమ్మ. ఏడుస్తోంది.

"ఒప్పుకున్నరు సారూ. ధర్మేశ్ బాయి ఇప్పుడే చెప్పిండు. రేపు పొద్దుగాలనే ఆపరేషనట. ఇల్లమ్మనని పక్కింటోల్లకు చెప్పొస్త."

హమ్మయ్య అనుకున్నాను. పైకే అన్నట్టున్నాను, చాయ్ పోసే ఆయన తిరిగి చూశాడు. ఇంకో చాయ్ అడిగాను. తరువాత ఇంకోటి. పొద్దున్నుంచి ఏమీ తినలేదని గుర్తొచ్చి ఖారీ బిస్కట్లు నాలుగు తిన్నాను. ఇంటికెళ్ళి శారదాంబకు చెబితే, ఆవిడ దేవుడి గదిలోకి వెళ్ళి దీపం పెట్టి వచ్చి, "ఆకలేస్తోందా?" అంది. ఆవిడ నన్ను మెచ్చుకోవడం అంటే అదే.

బుధవారం కడ్డీ వేశారు. ఎముక తిన్నగా కుదిరింది. రెండున్నర నెలల తరువాత లలితమ్మ ఫోను చేసి, పోరడు నడుస్తుండు, వచ్చి చూడమంది. పాండేసర వెళ్ళాను. ఆ ఒక్క గదిలో గణపతి చేతికర్ర పట్టుకుని గోడ నుంచి గోడకు నడిచి చూపించాడు. లస్మయ్య ఆ అడుగులు లెక్కపెడుతూ కూర్చున్నాడు. మళ్ళీ కొండెక్కుతావా అని అడిగితే గణపతి తల్లి వైపు చూశాడు. ఆమె, "ఎక్కనియ్యి సారూ, గాలి పీల్చొద్దంటమా? ఈసారి జర సూసి అడుగెయ్యమనుండ్రి," అంది.

తరువాత ఆ ప్లాస్టిక్ ఫైలు తెచ్చింది. అన్నిటికీ పైన లామినేషన్ చేసిన కాగితం ఉంది. నా సన్మానపత్రం కాదు. బీమా కార్యాలయంలో నేను రాసిచ్చిన ఉత్తరం. ధర్మేశ్‌భాయ్‌ని అడిగి నకలు తెచ్చుకుందట.

"ఇంగ్లీషుల ఉంది, మాకు తెల్వదు. జర తెలుగుల చదివి చెప్పుండ్రి."

చదివాను.

"గణపతి పర్వతారోహకుడు కాడు. రంగుల మిల్లులో రంగు సరిచూసే ఉద్యోగి. నేను రాసిన శిఖరాల్లో ఒక్కటి కూడా అతను ఎక్కలేదు. సొంత ఖర్చుతో రెండు సార్లు చిన్న కొండలు ఎక్కాడు. మూడోసారి జ్వరం వచ్చి కింద బ్యాగులకు కాపలా కూర్చున్నాడు. నాలుగోసారి పడ్డాడు. ఇద్దరు స్నేహితులకు ముడి వేయడం నేర్పాడు. వారమంతా ఆవిరిలో పనిచేస్తాడు. కొండ మీద గాలి ఉంటుంది కాబట్టి వెళతాడు. అతన్ని అడగకుండా నేను గొప్పలు రాశాను. ఆ తప్పు నాది, అతనిది కాదు."

గణపతి తల వంచుకున్నాడు. లలితమ్మ భర్త చెవి దగ్గర నోరు పెట్టి ఒక్కొక్క మాటా గట్టిగా చెప్పింది. బ్యాగుల దగ్గర కూర్చున్న మాటకు ఆయన పకపకా నవ్వాడు, గాలి మాటకు కళ్ళు తుడుచుకున్నాడు.

లలితమ్మ కాగితాన్ని కొంగుతో తుడిచి ఫైలులో పెట్టింది.

"మొన్న ఉగాదికి మీరు చదువుతుంటె అందరు చప్పట్లు కొట్టిండ్రు సారూ. నేను గూడ కొట్టిన. కని అండ్ల మా పోరడు నాకు యాడ కనపడలె," అంది. "గిండ్ల కనపడ్డడు."

ఆమె ఇచ్చిన చాయ్ తాగి, పక్క కొట్టులో ఆ ఉత్తరానికి ఇంకో నకలు తీయించుకుని ఇంటికి వచ్చేశాను. గోడ మీద ఆ మేకుకు శారదాంబ ఎప్పుడో క్యాలెండరు తగిలించింది, అలాగే ఉండనిచ్చాను. ఫైలు తీసి, అరవై ఒకటో పత్రం వెనకాల ఆ ఉత్తరం నకలు పెట్టి, మీద అరవై రెండు అని అంకె వేశాను.